బర్రె మీద కొంగ పరీక్ష

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా నాకు ఒక ఫోటో స్టూడియో ఉంది. దాని గాజు బల్ల మీద ఇన్నేళ్లలో ఎన్ని చిన్న డిజిటల్ కెమెరాలు పెట్టి ఉంటారో చెప్పలేను. చొక్కా జేబులో దూరేవి, అరచేతిలో ఇమిడేవి, సబ్బుపెట్టెకు కన్ను అతికించినట్టు ఉండేవి. పెట్టిన ప్రతివాళ్లూ ఒకటే అడిగేవారు, అన్నా ఇది మంచిదేనా అని. నేను నోరు తెరిచేలోపు జవాబు కూడా వాళ్లే చెప్పేవారు. ఇన్ని మెగాపిక్సెల్స్ అట. దుబాయి నుంచి బావ తెచ్చాడట. కామారెడ్డి షాపులో ఇదే ఆఖరి పీసట, ఇంకొకాయన చెయ్యి పెట్టబోతుంటే ఈయన లాక్కొచ్చాడట. మంచిదని ముందే తేలిపోయాక నా దగ్గరికి రావడం ఎందుకు? నాతో ఔననిపించుకోవడానికి. ఎంత బతిమాలినా నా పరీక్ష పెట్టనిదే ఆ ఒక్క ఔను నేను ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు.

నాకు ముక్కు మీద కోపం. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచడం దండగ. మెగాపిక్సెల్ అనే మాట చెవిన పడితే చాలు, ఒళ్లు మండేది. వడ్ల బస్తా తూకం చూసి అన్నం రుచి చెప్పే రకాలు అనుకునేవాణ్ణి. ఒకసారి గాంధారి వైపు నుంచి ఒక పెద్ద రైతు వచ్చాడు. తన కెమెరాకు పన్నెండు ఉన్నాయట, పక్కింటాయన కెమెరాకు పదే ఉన్నాయట. ఆ రెండు ఎక్కువైనందుకు ఆయన మీసం మీది చెయ్యి దిగడం లేదు. సరే, తీసినవి చూపించమన్నాను. ఇరవై ఫోటోలుంటే పదిహేనింట్లో ఒక మూల ఆయన బొటనవేలే ఉంది. పన్నెండు మెగాపిక్సెల్స్ బొటనవేలు, అదీ మసకగా. ఇది కెమెరా తప్పా అని అడిగాడు. కాదు పటేలా, నీ వేలు బాగా ఎదిగింది అన్నాను. మళ్లీ నా గడప తొక్కలేదు.

షాపుల్లో అమ్మేవాళ్లది ఇంకో గోల. జూమ్ అనేవారు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెస్తుందట. ఈ డబ్బాల్లో సగం జూమ్ ఒట్టి మోసం. ఉన్న బొమ్మనే సాగదీసి పెద్దగా చూపిస్తుంది, అంతే. ఇంకో రకం ఉండేది, ఎదుటి మనిషి నవ్వితే తనంతట తానే ఫోటో తీస్తుందని చెప్పి అమ్మేవారు. ఫోటో అనగానే ఊపిరి బిగబట్టి, చేతులు తొడలకు ఆనించి, పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టు నిలబడే జనం మాది. ఆ కెమెరాను మా దగ్గర పెడితే అది జన్మలో ఒక్క ఫోటో తీయదు.

ఆ కాలం పోయిందని ఊపిరి పీల్చుకున్నాను. ఫోన్లు వచ్చి ఈ డబ్బాలన్నింటినీ బీరువాల అడుగుకు తోసేశాయి. ఇప్పుడు చూస్తే మళ్లీ మొదలైంది. కాలేజీ పిల్లలు వెతికి వెతికి అవే పాత సబ్బుపెట్టెలు కొంటున్నారు. మసకగా రావడమే ఫ్యాషనట. మొన్న ఒక డిగ్రీ అమ్మాయి అలాంటిదే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, అంకుల్, ఇది మంచిదేనా అంది. ఎప్పటిలా నాలుక మీదికి ఏదో రాబోయింది. ఆపుకున్నాను. ఈ మధ్య ఆపుకోవడం అలవాటైంది. అది అలవాటు చేసిన ఒకామె గురించే ఇదంతా చెబుతున్నాను.

కెమెరా మంచీ చెడూ చూడడం నాకు నేర్పింది మా ఉస్తాద్. కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు మీద ఆయన స్టూడియో. నేను పని నేర్చుకున్నది అక్కడే. రీళ్ల కాలం నుంచీ ఆయనది ఒకటే పరీక్ష. కొత్త కెమెరా ఏదొచ్చినా పొద్దున్నే పెద్ద చెరువు కట్టకు పట్టుకుపోయేవాడు. అక్కడ మేసే బర్రె ఒకదాన్ని చూసుకుని, దాని వీపు మీద కొంగ వాలేదాకా ఆగేవాడు. బీడీ తాగుతూ గంటైనా ఆగేవాడు. కొంగ వాలాక ఒక్కటే ఫోటో. అందులో కొంగ ఈకలు కనబడాలి, బర్రె కన్ను కూడా కనబడాలి. పనికిమాలిన కెమెరాకు రెండూ ఒకేసారి చేతకావు. కొంగను చూసుకుంటే బర్రె బొగ్గుకుప్ప అవుతుంది. బర్రెను చూసుకుంటే కొంగ సున్నపు ముద్ద అవుతుంది. మరీ దిక్కుమాలినదైతే బర్రెను బూడిద రంగులోకి తెచ్చి, ఇదీ బర్రే అని దబాయిస్తుంది. అలాంటిది కంటబడితే ఉస్తాద్‌కు నాకంటే ఎక్కువ కోపం.

"నల్లదాన్ని నల్లగ చూపియ్యలేని డబ్బాను చెరువుల పారెయ్యి," అనేవాడు.

ఎల్లారెడ్డికి వచ్చి సొంత స్టూడియో పెట్టుకున్నాక నేనూ అదే పరీక్ష పట్టుకున్నాను. ఊరి పక్కన పోచారం కాలువ కింద వరిపొలాలు. బర్రెలకు కొదవ లేదు, కొంగలకు అసలే లేదు. ఎవరు కెమెరా తెచ్చినా సైకిలెక్కి కాలువ గట్టుకు పోయేవాణ్ణి. జనం నవ్వుకున్నారు. బర్రెల ఫోటో అన్న అని పేరు కూడా పెట్టారు. నవ్వితే నవ్వారు. వాళ్ల బొటనవేళ్లు అడ్డం వచ్చిన ఫోటోల కంటే నా బర్రె నయం.

గట్టు మీద నేను ఎక్కువసార్లు ఫోటో తీసిన బర్రె ఒకామెది. నాగిరెడ్డిపేట దారిలో ఒక చిన్న ఊరు వాళ్లది. ఆదివారం చర్చికి, తక్కిన ఆరు రోజులు కూలికి పోయే మనిషి. ఇంటికి పెద్దదిక్కు ఆమే, ఒక్కతే కూతురు. నేను వచ్చినప్పుడల్లా తన బర్రె ముందు మోకాళ్ల మీద కూర్చోవడం చూసి చూసి, ఒకరోజు పలుపు పట్టుకుని దగ్గరికి వచ్చింది. మా బర్రె ఫోటో నీకెందుకన్నా, అమ్ముతవా ఏంది అని అడిగింది. నేను మొదలుపెట్టాను. వెలుతురు, నీడ, కొంగ ఈకలు, బర్రె కన్ను, ఉస్తాద్, పెద్ద చెరువు. పావుగంట చెప్పి ఉంటాను. ఆమె ఓపిగ్గా విని, నల్లగున్నది నల్లగనే రావాలె, గంతేనా అంది. గంతే అన్నాను. ముప్పై ఏళ్ల విద్యను ఒక్క ముక్కలో తేల్చేసిందని కొంచెం ఉడుక్కున్నాను కూడా.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆమె కూతురిని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది. కొంగు ముడి విప్పి, బట్టలో చుట్టిన ఒక వెండిరంగు కెమెరా బల్ల మీద పెట్టింది. దుబాయిలో పనిచేసే తమ్ముడు మేనకోడలికి ఇచ్చాడట. పిల్ల ఇంటర్ అయిపోయింది. నర్సు చదువుకు ప్రవేశ పరీక్ష రాయాలి. వాళ్ల వాడకట్టులో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు. ఈ పరీక్షలో సీటు వస్తే హాస్టలూ చదువూ సర్కారే చూసుకుంటుంది. రాకపోతే తల్లితోపాటు పొలానికే. ఆ సంగతి ఆమె దాచకుండా చెప్పింది. దరఖాస్తుకు ఫోటో కావాలి. తల్లే ఇంటి సున్నపు గోడ ముందు నిలబెట్టి ఈ కెమెరాతో పిల్ల ఫోటో ఒకటి తీసింది. కెమెరా మంచిదేనా, ఈ ఫోటో దరఖాస్తుకు పనికొస్తదా అన్నది ఆమె ప్రశ్న.

న్యాయంగా అయితే ఏం చేయాలి? కాలువ గట్టుకు పోవాలి. నా పరీక్ష నేను పెట్టాలి. అందులోనూ బర్రె ఆమెదే. అది చేయలేదు. రెండు వేళ్లతో కెమెరాను ఎత్తి చూశాను. ఒళ్లంతా ప్లాస్టిక్, లెన్స్ కందిగింజంత. వెనక ఉన్న చిన్న తెర మీద పిల్ల ఫోటో చూశాను. నల్లటి మొహం, నుదుటి మీద నూనె మెరుపు, ఎడమ చెంప మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ. కూలి మనిషి, కాలువ గట్టు మీద నా పాఠం విన్న మనిషి, నేనుండగా తానే ఫోటో తీసుకోవడమేమిటని లోపల గుర్రుగా ఉంది. ఆ గుర్రును కెమెరా మీద తీర్చుకున్నాను.

"ఈ డబ్బాతోని తీస్తె మచ్చలు తప్ప మొహమే కనబడ్తలేదు చెల్లె," అన్నాను.

పిల్ల కెమెరాను మెల్లగా తన వైపు జరుపుకుని మళ్లీ బట్టలో చుట్టింది.

అప్పుడు నా ప్రతాపం మొదలైంది. గొడుగు దీపాలు వెలిగించాను. తెల్ల తెర దించాను. పెద్ద కెమెరా తీశాను. గడ్డం కొంచెం కిందికి బిడ్డా, కండ్లు ఇటు బిడ్డా అని దర్జాగా నాలుగు ఫోటోలు తీశాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని టచింగ్ చేశాను. టచింగ్ అంటే మొహం కడగడం లాంటిది, కాకపోతే నీళ్లతో కాదు, కంప్యూటర్లో. ఈ పని మాకు పెళ్లి ఫోటోల నుంచి అంటుకుంది. సంబంధం కోసం ఫోటో దిగే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ, వాళ్ల వెనక నిలబడ్డ పెద్దలూ ఒకటే అడుగుతారు, కొంచెం తెల్లగ చెయ్యన్నా అని. అడిగి అడిగి, కొన్నేళ్లకు అడగాల్సిన పనే లేకుండా పోయింది. మొహం తెర మీద కనబడగానే నా చెయ్యి దానంతట అదే కదిలేది. నుదుటి మెరుపు తీసేశాను. కళ్ల కింద నీడ తీసేశాను. ఒక పూత తెలుపు, దాని మీద ఇంకో పూత. చెంప మీద మచ్చ దగ్గరికి వచ్చాను. ఒక్క నొక్కు. ఈగను తోలినంత సేపు కూడా పట్టలేదు.

ప్రింటు తల్లి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది, పిల్లను చూసింది, మళ్లీ ఫోటో చూసింది.

"మంచిగనే ఉన్నది అన్నా, గని..."

గని ఏంది చెల్లె అని అడ్డం తగిలాను. ఇట్లాంటి పని కామారెడ్డిలో కూడా దొరకదన్నాను. దుబాయి డబ్బాకూ నా కెమెరాకూ తేడా ఇప్పుడైనా తెలిసిందా అన్నాను. ఇంకా చాలా అన్నాను. నేను ఆగేసరికి ఆమె అనబోయిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఫోటోలు కవరులో పెట్టుకుని, దరఖాస్తులో ఎక్కించడానికి సీడీ తీసుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. నాకు ఆ సాయంత్రం చాలా గర్వంగా ఉండింది. ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పరీక్ష ఒక ఆదివారం కామారెడ్డిలో. ఆ రోజు పొద్దున నేను షట్టరు తీసి బల్ల తుడుస్తుంటే ఫోన్ మోగింది. ఆమె గొంతు. వెనక ఆటోల చప్పుడు, జనం చప్పుడు.

"అన్నా, ఫోటోల ఉన్నది నా బిడ్డ కాదంటున్నరు."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. ఆమె రొప్పుతూ చెప్పింది. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టే గుర్తింపు కోసం పుట్టుమచ్చ రాశారు: ఎడమ చెంప మీద అని. గేటు దగ్గర తనిఖీ చేసే అధికారి కాగితం చూశాడు, మచ్చ ఉందని ఉంది. పిల్ల మొహం చూశాడు, మచ్చ ఉంది. ఫోటో చూశాడు. మచ్చ లేదు, ఆ రంగూ లేదు. ఎవరి ఫోటోనో పెట్టి ఎవరో పరీక్ష రాయడానికి వచ్చారనుకున్నాడు. అనుకోడా మరి? ఆ కుర్చీలో నేనుంటే నేనూ అదే అనుకునేవాణ్ణి. కానీ ఆ క్షణంలో నాకు అంత బుద్ధి లేదు. వాడెవడు నా ఫోటోను అనుమానించడానికి అన్నంత కోపం వచ్చింది. ఫోన్ ఆయనకియ్యి, నేను మాట్లాడత అన్నాను. ఆయన తీసుకోలేదు. ఆయన మాటలు మాత్రం వినబడ్డాయి. అరవడం లేదు, మర్యాదగానే చెబుతున్నాడు. కొత్త ఫోటో మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేయించుకుని గేటు మూసేలోపు తెస్తే లోపలికి పంపుతానంటున్నాడు. గేటు మూసే సమయానికి ఇంకా ముక్కాలు గంట ఉంది.

నేనున్నది ఎల్లారెడ్డిలో. బస్సెక్కినా అందదు. ఉస్తాద్ స్టూడియోకు ఉరకమన్నాను, ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. తర్వాత జరిగిందంతా ఆయన చెప్పగా తెలిసిందే. తల్లీకూతుళ్లు ఆటోలో వచ్చారు. ఆయన ఐదు నిమిషాల్లో ఫోటో తీసి ఉన్నది ఉన్నట్టు ప్రింటు ఇచ్చాడు. ఆదివారం నాడు గెజిటెడ్ సంతకం ఎక్కడ దొరుకుతుంది? ఆ ముసలాయన తెలిసిన సర్కారు కాలేజీ లెక్చరరు ఇంటికి స్కూటర్ మీద పోయాడు. ఆయన స్నానంలో ఉంటే బయటికి వచ్చేదాకా నిలబడ్డాడు. సంతకం దొరికింది. ముగ్గురూ గేటు దగ్గరికి చేరేసరికి గేటు మూసేసి ఉంది. అవతల ఉన్న కాపలా మనిషి లేదని చెయ్యి ఊపాడు, అంతే. నిమిషం ఆలస్యమైనా పంపొద్దని రూలు. తల్లి కడ్డీలు పట్టుకుని ఆ సంతకం ఫోటోను లోపలికి చూపిస్తూ చాలాసేపు నిలబడిందట. పిల్ల మాత్రం ఏడవలేదట, చెట్టు కింద కూర్చుని హాల్ టికెట్టును నాలుగు మడతలు పెట్టిందట.

సాయంత్రం ఉస్తాద్ మళ్లీ ఫోన్ చేశాడు. ఆయన కోపంగా ఉంటే మెల్లగా మాట్లాడతాడు.

"పెండ్లి ఫోటోకు టచింగ్ చెయ్యి గని సర్కారు ఫోటోను ముట్టొద్దని మొదటి దినమే చెప్పిన. మర్సినవా, నాకంటె పెద్దోనివైనవా?"

నిజం. చెప్పాడు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి టచింగ్ చేసే రోజుల్లోనే చెప్పాడు. నేను మరిచిపోలేదు. చెయ్యి మరిచిపోయింది, నేను దాని వెంట పోయాను. ఆ రాత్రి నానా మాటలు అనుకున్నాను. అధికారిని తిట్టుకున్నాను. దరఖాస్తును తిట్టుకున్నాను. మచ్చ సంగతి ముందే చెబితే ఆమె సొమ్మేం పోయిందని ఆమెను కూడా తిట్టుకున్నాను. అక్కడికి రాగానే ఆమె 'గని' చెవిలో పడింది. చెప్పబోయింది. నేనే చెప్పనివ్వలేదు. ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

ఆమె వచ్చి నాలుగు మాటలు అంటుందని ఎదురుచూశాను. అంటే నేనూ నాలుగు అనేవాణ్ణి, లెక్క సరిపోయేది. ఆమె రాలేదు. కాలువ గట్టు వైపు పోవడం నేనూ మానేశాను. కెమెరాలు తెచ్చినవాళ్లకు టైము లేదని చెప్పి పంపేశాను.

వానాకాలం నాట్లప్పుడు ఒకాయన వదల్లేదు. బిచ్కుంద నుంచి అంత దూరం వచ్చాడు, చిన్న కెమెరా కొంటున్నాడు, షాపువాడి దగ్గర ఒకరోజు కోసం అడిగి తెచ్చాడు. తప్పక గట్టుకు పోయాను. బర్రె ఉంది, కొంగ వాలింది. కెమెరా ఎత్తి చూస్తే తెర మీద బర్రె వెనక మడిలో నాట్లు వేస్తున్న వరస కనబడింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, నెత్తికి తువ్వాల కట్టుకుని, మోకాళ్ల లోతు బురదలో వంగి ఉన్న ఏడెనిమిది మంది. చివరన తల్లి. ఆమె పక్కన పిల్ల. ఇంకా అలవాటు లేదేమో, అందరికంటే వెనకబడి నారుకట్ట విప్పుతోంది. తల్లి తన వరస ముగించి, పిల్ల వరసలో కూడా నాలుగు మొలకలు గుచ్చి ముందుకు జరుగుతోంది. ఈపాటికి ఈ పిల్ల హాస్టల్లో ఉండాల్సింది. నేను మీట నొక్కలేకపోయాను. కెమెరా దించి, మంచిదే, కొనుక్కో అన్నాను. ఆయన సంబరంగా వెళ్లిపోయాడు. ఆ కెమెరా ఎట్లాంటిదో నాకు ఇప్పటికీ తెలియదు. పరీక్ష పెట్టకుండా ఔనన్నది ఆ ఒక్కసారే.

మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తులు పడ్డాయి. ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లు స్టూడియో మెట్లెక్కారు. పిల్ల మనిషి కొంచెం చిక్కింది, చేతివేళ్ల చివర్లు బురదకు పగిలి ఉన్నాయి. తల్లి అదే బట్ట మూట విప్పి, అదే వెండిరంగు కెమెరా గాజు బల్ల మీద పెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఫోటో ఇందులనే ఉన్నది. ఉన్నది ఉన్నట్టు ప్రింటు తియ్యి. నువ్వేం చెయ్యకన్నా."

సరేనన్నాను. కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. మళ్లీ అదే సున్నపు గోడ ముందు తల్లి కొత్తగా తీసిన ఫోటో. ఈసారి నా ఉద్యోగం నేను నిజంగా చేశాను. ఫోటోను పెద్దది చేసి అంగుళం అంగుళం చూశాను. మూలలు మెత్తబడి ఉన్నాయి. నీడలో కొంచెం నీలం కలిసింది. వెనక సున్నపు గోడ ఒక పక్క తెల్లటి ముద్దయింది. ఉస్తాద్ పరీక్షలో కొంగ పోయినట్టే. కానీ మొహం చూస్తే పిల్ల ఎట్లా ఉందో అట్లా ఉంది. ఎండలో ఏడాది పనిచేసిన నలుపు. నలుపులోనే కన్ను, కన్నులో గోడ మీది వెలుతురు. ఎడమ చెంప మీద మచ్చ, మచ్చ మీద ఒక్క వెంట్రుక. కందిగింజంత లెన్స్ అది. అంత చూస్తుందని నేననుకోలేదు. అయినా చూడండి, నా చెయ్యి ఎంత సిగ్గులేనిదో. నేను ఈ ఆలోచనలో ఉండగానే మౌస్ మెల్లగా జరిగి మచ్చ మీదికి పోయి ఆగింది. నొక్కలేదు, ఒట్టు. కానీ పోయింది.

తల్లి నా వెనకే నిలబడి ఉంది. చూసింది.

"అన్నా, మా బర్రె నల్లగ రాకపోతె కెమెరానే పారెయ్యాలె అంటివి. నా బిడ్డ నల్లగ వస్తె నీకేమైంది?"

గట్టిగా అనలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. అదే నాకు తగిలింది. ఎంతమందిని ఎన్ని మాటలన్నాను. బొటనవేలు రైతును, షాపుల్లో అమ్మేవాళ్లను, మెగాపిక్సెల్స్ లెక్కపెట్టే ఊరంతటినీ. మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. తర్వాత సైజు మాత్రం కత్తిరించి ప్రింటు ఇచ్చాను.

పిల్ల సంచిలోంచి పదో తరగతి మెమో జిరాక్సు తీసి బల్ల మీద పరిచి, పక్కన ఫోటో పెట్టింది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని ఉన్న వరస మీద ఒక వేలు, ఫోటోలో మచ్చ మీద ఇంకో వేలు ఆనించి చూసుకుంది. ఉన్నదమ్మా అంది. ఆ ఏడాదంతా ఆ పిల్ల గొంతు నేను విన్నది ఆ ఒక్క మాటే. తల్లి కవరు అందుకుంటూ, ఇగ చెప్పన్నా, కెమెరా మంచిదేనా అని అడిగింది.

"మంచిదే చెల్లె," అన్నాను.

నాకెరుకే అంది ఆమె, కెమెరా బట్టలో చుట్టుకుంటూ.

వాళ్లు బస్సెక్కేదాకా గుమ్మంలో నిలబడ్డాను. వెనక్కి తిరిగితే ఎదురుగా నా స్టూడియో షోకేసు. నమూనాకు పెట్టిన ఫోటోలు యాభై దాకా ఉంటాయి. పెళ్లికూతుళ్లు, పెళ్లికొడుకులు, పసిపిల్లలు, అందరిదీ ఒకటే రంగు. ఆ రంగు మనిషిని ఎల్లారెడ్డిలో గానీ కామారెడ్డిలో గానీ నేను ఎన్నడూ చూడలేదు. పై వరసలో నా పెళ్లి ఫోటో కూడా ఉంది. ఆ పిల్ల కంటే నేను రెండింతలు నలుపు. ఫోటోలో మాత్రం పాలకోవాలా మెరిసిపోతున్నాను. టచింగ్ నేనే చేసుకున్నాను. తాళం తీసి ఆ ఒక్కదాన్నీ తీసేశాను. తక్కినవి వాళ్లు వాళ్లు అడిగి చేయించుకున్నవి, వాటి జోలికి పోలేదు.

పరీక్ష రోజు మళ్లీ ఆదివారమే. షట్టరు తీయలేదు. ఇంట్లోనే ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఫోన్ చేస్తుందన్న నమ్మకమేమీ లేదు, చేయాల్సిన అవసరమూ లేదు. గేటు మూసే సమయానికి పది నిమిషాల ముందు మోగింది. అదే ఆటోల చప్పుడు, అదే జనం. చెల్లె అన్నాను.

"మచ్చ చూసిండ్రు అన్నా. లోపటికి పంపిండ్రు," అంది.

నేనేదో అనేలోపే ఫోన్ పెట్టేసింది.